నేను తీసేసిన ఒక్క లైను

కంప్యూటర్ ముందు కూర్చునేవాడి చేతికి మసి అంటదు, నెత్తురు అసలే అంటదు అని మా ఫ్యాక్టరీలో అందరూ అనేవారు. నేనూ అన్నాను. ఎండాకాలంలో షెడ్డు రేకుల కింద చెమటలు కక్కుతూ పనిచేసేవాళ్లు ఏదో కాగితం కోసం నా గదిలోకి వచ్చి, ఏసీ గాలికి ఒక నిమిషం నిలబడి, "నసీబంటే మీది సార్" అని పోయేవాళ్లు. ఆ మాటకు లోపల్లోపల గర్వపడేవాణ్ణి. నా చేతికి కూడా నెత్తురు అంటిందని రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మా కాలనీలో ఇప్పుడు ఇంటికొకరు కంప్యూటర్ పనిలోనే ఉన్నారు. పొద్దున నడకలో కలిసి, "అంకుల్, మీరు గూడ గిదే పని చేసిన్రంట గదా" అంటారు. మొన్న ఒకతను, ఏ పేజీ ఎవరికి తెరుచుకోవాలో రాసే పని తనకు అప్పగించారని చెప్పి, "ఏముంది అంకుల్, అరపూట పని" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అరపూట పనే, కాదనను. నేను కూడా అరపూటలోనే చేశాను. ఆ అబ్బాయి మీద రోడ్డున అరవడం బాగుండదని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

ఎవరి పేర్లూ రాయను. చనిపోయినవాడి పేరు రాసే అర్హత నాకు లేదు, బతికున్నవాళ్ల పేర్లు రాసి మళ్లీ పంచాయితీ పెట్టుకునే ఓపికా లేదు.

మాది పశువుల దాణా చేసే ఫ్యాక్టరీ. హైవే పక్కన, చిరాగ్‌పల్లి పోయే దారిలో ఉండేది. మక్కలు, తవుడు, పత్తి చెక్క, బెల్లం మడ్డి అన్నీ ఒక పెద్ద మిక్సర్‌లో పోసి కలుపుతారు. మిక్సర్ అంటే మీ వంటింట్లోది కాదు. మనిషి లోపలికి దిగి నిలబడగలిగినంత ఇనుప తొట్టి, దాని అడుగున చేయి పొడవు రెక్కలు. మడ్డి ఆ రెక్కలకు పట్టి రాయిలా గట్టిపడుతుంది. వారానికోసారి ఒక మనిషి లోపలికి దిగి దాన్ని గీకాలి. మనిషి లోపలుండగా మోటారు తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

అలా తిరగకుండా ఉండటానికి మా దగ్గర ఒక పాత పద్ధతి ఉండేది. కరెంటు స్విచ్చులన్నీ ఉండే ప్యానెల్ రూములో ఒక చెక్క బోర్డు, దానికి మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో మిషన్ నంబరున్న ఇత్తడి బిళ్ళ. మిక్సర్‌లోకి దిగేవాడు ముందు ఆ బిళ్ళ తీసుకుని జేబులో వేసుకోవాలి. పని అయ్యాక తనే వచ్చి దాన్ని మేకుకు తగిలించాలి. బిళ్ళ మేకు మీదకు తిరిగి రానంతవరకు స్విచ్చు మీద చెయ్యి పడదు. ఆ చెయ్యి మా ఎలక్ట్రీషియన్‌ది. ముప్పై ఏళ్లుగా ప్యానెల్ రూమును తన ఇల్లులా చూసుకున్న మనిషి. అందరం ఆయనను ఉస్తాద్ అనేవాళ్లం. మేనేజర్ ఫోన్ చేసి తిట్టినా, లోడు కోసం లారీలు బారులు కట్టినా, బిళ్ళ లేకపోతే ఉస్తాద్ కుర్చీలోంచి లేచేవాడు కాదు.

కొత్తగా వచ్చిన మేనేజరుకు ఆ బోర్డు చూస్తే నామోషీగా ఉండేది. "ఏంటయ్యా ఈ బిళ్ళలు, మ్యూజియంలో ఉన్నామా? అంతా సిస్టంలో పెట్టు" అన్నారు. నాకు అంతకంటే సంతోషం ఏముంది? టైపు మిషన్ మీద ఉద్యోగం మొదలుపెట్టి, కష్టపడి కంప్యూటర్ నేర్చుకుని, ఆ సెక్షన్‌కు పెద్దనయ్యాను. నా పనిని ఫ్యాక్టరీ మొత్తం వాడుతుందంటే ఎగిరి గంతేశాను.

పర్మిట్ సిస్టం అని పేరు పెట్టాను. ఎవరైనా మిషన్‌లోకి దిగాలంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ తన కంప్యూటర్‌లో ఒక పర్మిట్ తెరవాలి. అప్పుడు ప్యానెల్ రూములో ఆ మిషన్ పేరు ఎర్రగా కనిపిస్తుంది. మనిషి బయటికొచ్చాక పర్మిట్ మూసే పేజీలోకి వెళ్లి మూస్తే పచ్చగా మారుతుంది. పచ్చగా ఉంటేనే స్విచ్చు వేయాలి. ఏ పేజీ ఎవరికి తెరుచుకోవాలన్నది రోల్‌ను బట్టి ఉంటుంది. అంటే హోదా అన్నమాట. ఇన్‌ఛార్జ్‌లకు ఒకటి, ప్యానెల్ రూముకు ఒకటి, మేనేజరుకు ఒకటి. కాంట్రాక్టు కూలీలకు లాగిన్ లేదు. లోపలికి దిగేవాడికి నా సిస్టంలో రోలే లేదు. అది నాకు అప్పుడు వింతగా తోచలేదు.

బోర్డు తీసేయాలని చెప్పినరోజు ఉస్తాద్ నా గదికి వచ్చాడు. బట్టలకు గ్రీజు ఉందని కుర్చీలో కూర్చోలేదు.

"ఒక్క మాట సాబ్. బిళ్ళ ఉన్నప్పుడు లోపలికి పోయినోడే వచ్చి నా ముంగట తగిలిస్తుండె. గా మనిషి మొహం నాకు కనవడుతుండె. నీ కంప్యూటర్ల మొహం ఏడ కనవడ్తది?"

"ఇన్‌ఛార్జ్ చూస్తడు ఉస్తాద్. మనిషి బయటికొచ్చిండని కండ్లతోని చూసినంకనే మూస్తడు."

"ఏ ఇన్‌ఛార్జ్? ముగ్గురున్నరు గదా."

ఆ ప్రశ్న నాకు నచ్చింది. దానికి జవాబు నా దగ్గర ఉంది మరి. "పర్మిట్ తెరిచినాయననే మూయాలె. మిగిలిన ఇద్దరు నొక్కినా ఆ పేజీ తెరుచుకోదు. గట్ల రాసిన" అన్నాను.

"తెరిచినోడే మూస్తడు. పక్కా?"

"పక్కా ఉస్తాద్."

"జబాన్ ఇస్తున్నవా?"

"ఇస్తున్న. మీరేం ఫికర్ చేయకున్రి."

ఆయన వెళ్లి తన చేతులతోనే బిళ్ళలన్నీ విప్పి, డబ్బాలో పోసి స్టోరుకు అప్పజెప్పాడు.

సిస్టం బాగానే నడిచింది. నడవనిది మా మనుషులు. మొదటి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. దాని ఇన్‌ఛార్జ్ రెండు కొట్టీ కొట్టకముందే కోహీర్ బస్సు కోసం ఉరికేవాడు. పని అయిపోయిన పర్మిట్లు కూడా మూయకుండా వదిలేసేవాడు. రెండో షిఫ్టు ఇన్‌ఛార్జ్ వచ్చి చూస్తే తెర మీద అన్నీ ఎర్రగా ఉండేవి. అతను మూయబోతే పేజీ తెరుచుకోదు. వెంటనే నాకు ఫోన్. "సార్, మిషన్ ఖాళీగున్నది, సిస్టం ఇస్తలేదు, జర చూడున్రి." బస్సులో ఉన్న మనిషిని వెనక్కి పిలవలేం కదా, నేనే ఎక్కడున్నా ఏదో ఒకటి చేసి మూసేవాణ్ణి.

ఒక ఆదివారం మా బామ్మర్ది కొడుకు పెళ్లి దావత్‌లో బిర్యానీ ప్లేటు చేతిలో ఉండగా మూడుసార్లు ఫోన్ మోగింది. మూడోసారికి మా ఆవిడ, "ఫ్యాక్టరీ నీ అయ్యదా?" అన్నది నలుగురిలో. సోమవారం పొద్దున ఆఫీసుకు పోయి, చాయ్ కూడా తాగకుండా, ప్రోగ్రాంలోంచి ఆ లైను తీసేశాను. ఆ లైను చేసే పని ఒక్కటే: పేజీ అడుగుతున్న మనిషి, పర్మిట్ తెరిచిన మనిషి ఒక్కరేనా అని చూడటం. అది పోయాక సిస్టం చూసేది హోదాను మాత్రమే. ఇన్‌ఛార్జ్ రోల్ ఉంటే చాలు, ఎవరు తెరిచినదైనా ఎవరైనా మూయవచ్చు.

ఫోన్లు ఆగిపోయాయి. నా ఆదివారాలు నాకు దక్కాయి. షిఫ్టు మారేసరికి అన్నీ పచ్చగా ఉంటున్నాయని మేనేజర్ మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. ఇన్‌ఛార్జ్‌లకు కొత్త అలవాటు కూడా వచ్చింది. డ్యూటీ ఎక్కగానే పాత షిఫ్టు వదిలేసిన పర్మిట్లన్నీ మూసేసి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు. దానికి "స్క్రీన్ కడుగుడు" అని పేరు. పేరు విని నేనూ నవ్వాను.

ఉస్తాద్‌కు మాత్రం చెప్పలేదు. మరచిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. చెప్తే మళ్లీ బిళ్ళల సంగతి ఎత్తుతాడు, మేనేజర్ దాకా పోతాడు, నా లైను నేను వెనక్కి పెట్టుకోవాలి, మళ్లీ ఫోన్లు మొదలవుతాయి. ఇదంతా ఆలోచించుకునే చెప్పలేదు. ఆయన పాపం, తెరిచినవాడే మూశాడనుకుని, పచ్చ కనబడగానే స్విచ్చు వేస్తూ వచ్చాడు.

అది ముసురు పట్టిన రోజు. తేమకు మడ్డి బాగా పట్టేసింది. మిక్సర్‌లోకి దిగింది న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే కాంట్రాక్టు మనిషి, నలభై ఏళ్లుంటాయి. గీకుడు పనికి అతన్ని మించినవాడు లేడని అందరూ అనేవారు. నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వరండాలో ఎదురుపడితే చెప్పులు చేత పట్టుకుని పక్కకు జరిగేవాడు. పన్నెండింటికి మొదలైన పని ఒంటిగంటకు అయిపోవాలి. ఆ రోజు రెండయినా కాలేదు. బయట కాపలా నిలబడాల్సిన ఇంకో కూలీని లారీ దింపడానికి పంపించారు.

మొదటి షిఫ్టు ఇన్‌ఛార్జ్ రెండింటికి బయల్దేరాడు. గేటు దగ్గర రెండో ఇన్‌ఛార్జ్ ఎదురైతే, "అంతా స్క్రీన్ మీద ఉన్నది చూసుకో" అన్నాడట. అంతే వాళ్ల చార్జి అప్పగింత. రెండో అతను ఆఫీసు గదిలో కూర్చుని చూశాడు. నాలుగు పర్మిట్లు ఎర్రగా ఉన్నాయి. అలవాటు ప్రకారం స్క్రీన్ కడిగాడు.

ఆ సమయానికి నేను నా గదిలో టిఫిన్ డబ్బా విప్పుతున్నాను. నా తెర మీద కూడా అవన్నీ కనిపిస్తాయి. ఒకటి తర్వాత ఒకటి నాలుగూ పచ్చబడ్డాయి. బాగుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, అన్నం కలుపుకుంటూ.

కాసేపటికి మిక్సర్ మోటారు మోగింది. ఆ మోత మాకు రోజూ అలవాటే. కానీ ఆ రోజు మోత ఒక్కసారిగా బరువెక్కి, ముక్కి, ఆగింది. ఆ తర్వాత ఒక నిమిషం ఏ చప్పుడూ లేదు. తర్వాత అరుపులు. నేను చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను. షెడ్డు దగ్గర జనం మిక్సర్ మీదకు ఎక్కి లోపలికి చూసి, దిగి, పక్కకు పోయి వాంతి చేసుకుంటున్నారు. నేను పైకి ఎక్కలేదు. దవాఖానకు తీసుకుపోయే అవసరం లేదని చూసినవాళ్లందరికీ తెలుసు. అయినా తీసుకుపోయారు.

ఉస్తాద్ ప్యానెల్ రూము నుంచి వచ్చి షెడ్డు మధ్యలో నేల మీద కూర్చున్నాడు. "ఎవడున్నడు లోపల? ఎవడున్నడు?" అని అందర్నీ అడుగుతున్నాడు.  నన్ను చూసి, "సాబ్, పచ్చగనే ఉండె. నువ్వొచ్చి చూడు, ఇంక పచ్చగనే ఉన్నది" అన్నాడు.

నేను నా గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఎవరు ఏ నిమిషంలో ఏ కంప్యూటర్ నుంచి ఏ పేజీ తెరిచారో సర్వర్‌లో ఒక చిట్టా పడుతూ ఉంటుంది. అది నాకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. తీసి చూశాను. రెండో ఇన్‌ఛార్జ్ లాగిన్, ఆఫీసు గదిలోని కంప్యూటర్, డ్యూటీ ఎక్కి లాగిన్ అయిన ఒక్క నిమిషంలోపే నాలుగు పర్మిట్లూ మూశాడు. ఏ మిషన్ దగ్గరికి పోవాలో తెర చూడనిదే తెలియదు, ఆ గది నుంచి మిక్సర్ దాకా పోయి రావడానికే నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ కాగితాలు ప్రింటు తీసి, మడిచి, బ్యాగులో అడుగున పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు నాకే తెలియదు.

నాలుగో రోజు విచారణ అధికారి వచ్చారు. మేనేజర్ గదిలో అందరం కూర్చున్నాం. ముందు రెండో ఇన్‌ఛార్జ్‌ను అడిగారు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు.  "నేను మిక్సర్ కాడికి పోయి బయటికి రమ్మని పిలిచిన సార్. వస్తున్న అన్నడు. వచ్చిండనుకుని మూసిన" అన్నాడు. అబద్ధం. అది అబద్ధమని ఆ గదిలో తెలిసింది వాడికి, నాకు. సాక్ష్యం మాత్రం నా బ్యాగులోనే ఉంది.

తర్వాత ఉస్తాద్‌ను అడిగారు, స్విచ్చు ఎందుకు వేశావని. "స్క్రీన్ పచ్చగైంది సాబ్. తెరిచినోడే మూస్తడు, వేరేటోనికి పేజీ తెరుచుకోదని ఈ సార్ జబాన్ ఇచ్చిండు నాకు" అని నా వైపు చెయ్యి చూపించాడు.

అధికారి నా వైపు తిరిగారు. ఉస్తాద్ కూడా చూస్తున్నాడు. నిజం చెప్తాడు, చెప్పక ఎక్కడికి పోతాడు అన్నట్టు ధైర్యంగా చూస్తున్నాడు. పక్కన మేనేజర్ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

"సిస్టం ప్రకారం ఇన్‌ఛార్జ్ రోల్ ఉన్న ఎవరైనా మూయవచ్చు సార్" అన్నాను.

"అంటే మూసిన వ్యక్తికి అధికారం ఉందన్నమాట?"

"ఉంది సార్."

"మోటారు వేసేటప్పటికి పర్మిట్ మూసే ఉంది?"

"మూసే ఉంది సార్."

మూడు జవాబుల్లో ఒక్క అబద్ధం లేదు. చూసుకోండి కావాలంటే. అలాంటి నిజాలు చెప్పడంలో నాకు నలభై ఏళ్ల ఉద్యోగానుభవం ఉంది. లైను తీసేసిన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలు ఉంది నాకు.

బయటికొచ్చాక ఉస్తాద్ వరండాలో ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "నా చేతులతోని సంపించినవ్ సాబ్" అని మాత్రం అన్నాడు. మరునాటి నుంచి డ్యూటీకి రాలేదు. నేను ఆయన ఇంటి గల్లీలోంచి పోవడం మానేశాను.

రిపోర్టు వచ్చింది. పర్మిట్ మూసిన తర్వాత, బయటికి రమ్మని పిలిచినా రాకుండా, నిబంధనలకు విరుద్ధంగా మిషన్ లోపల ఉండిపోవడం వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. అంటే తప్పు చచ్చిపోయినవాడిదన్నమాట. సిస్టం వివరాలు సరిగానే ఉన్నాయని కింద నా సంతకం ఉంది. చదివే పెట్టాను. లైను మాత్రం విచారణ అయిన మరునాడే మళ్లీ రాసేశాను. రెండు నిమిషాల పని.

నెల దాటాక ఒక మధ్యాహ్నం చనిపోయినతని భార్య గేటు దగ్గరికి వచ్చింది. కంప్యూటర్‌లో అట్లా ఉందని ప్రతివాళ్లూ చెప్పి పంపుతుంటే, ఆ కంప్యూటర్ సారు ఎవరో చూపించమని అడిగిందట. వాచ్‌మన్ నా గదికి తీసుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రిపోర్టు కాగితం. కూర్చోమంటే కూర్చోలేదు.

"గిండ్ల పిలిస్తే రాలేదని రాసిన్రంట, నిజమా సార్?" అంది.

"అట్లనే ఉన్నదమ్మా" అన్నాను.

"మా ఆయన చెవిటోడు కాదు సార్. అన్నం తింటుండంగ పిలిచినా ఎంగిలి చెయ్యితోనే లేచి ఉరుకుతుండె. పెద్దోళ్లు పిలిస్తే రెండో పిలుపు దాక ఉండడు. గసొంటోడు పిలిస్తే రాలేదంటే నేనెట్ల నమ్మాలె?"

నేను బల్ల మీద కాగితాలు సర్దుతున్నాను.

"మా బావ రోజు అంటున్నడు, తాగి దిగిండేమో, లోపల పండుకున్నడేమో అని. ఊరంత గదే మాట. బడిల నా బిడ్డను గూడ అడుగుతున్నరు, మీ నాయిన తాగుతుండెనా అని. నాకింకేం వద్దు సార్. ఆయన్ని ఎవరన్న పిలిచిన్రా లేదా, గంతే చెప్పున్రి."

నా బ్యాగు కుర్చీకి తగిలించి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. "కంప్యూటర్ల మూసినట్టున్నదమ్మా, అంతకంటె నాకు తెల్వదు" అన్నాను.

"కంప్యూటర్ల ఎవరు మూసిన్రు మరి? ఆయనైతే మూయలేదు గదా సార్. ఆయనకు రాదు" అని, కవరు మడుచుకుని వెళ్లిపోయింది.

ఎనిమిది నెలలు పూర్తయ్యేదాకా నోరు మూసుకున్నాను. ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయంటే, బాగానే గడిచాయి. అదే సిగ్గు. అన్నం తిన్నాను, నిద్రపోయాను, ఫేర్‌వెల్‌లో శాలువా కప్పించుకున్నాను. నేను పెట్టిన పర్మిట్ సిస్టం గురించి మేనేజర్ పొగుడుతుంటే చేతులు కట్టుకుని విన్నాను. ఇంటికొచ్చి బ్యాగు ఖాళీ చేస్తుంటే అడుగు నుంచి ఆ కాగితాలు బయటపడ్డాయి. మా ఆవిడ తీసి, "ఇవేంది, పారెయ్యాలా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అలా చూడలేదు. అంతా చెప్పాను. విని, "దావత్‌ల నేను గంత మాట అనకుంటే గిదంత కాకపోవు" అని తానూ కూలబడింది. నీదేం తప్పు లేదని ఆమెకు నచ్చజెప్పడానికే రెండు రోజులు పట్టింది.

ఉత్తరం రాశాను. లైను ఎందుకు పెట్టానో, ఎందుకు తీశానో, ఎవరికి చెప్పలేదో, చిట్టాలో ఏముందో అన్నీ రాసి, ప్రింట్లు జతచేసి, విచారణ అధికారి ఆఫీసుకు తీసుకుపోయాను. పాత అధికారి బదిలీ అయ్యారు. కొత్తాయన ఓపికగానే చదివారు.

"ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను సార్."

"ఫైలు మూసేశారు. మళ్లీ తెరిచే అధికారం నాకు లేదండి. పైకి పంపిస్తాను" అన్నారు. మూసినదాన్ని ఎవరు తెరవాలో వాళ్ల దగ్గర మాత్రం గట్టి కట్టుబాటే ఉంది. నా కాపీ మీద అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఇవాళ్టి దాకా పైనుంచి ఏ జవాబూ రాలేదు. రెండుసార్లు పోయి అడిగాను, ఇంకా పోతాను.

ఆ ముద్ర కాపీ తీసుకుని న్యాల్‌కల్ దాటి చనిపోయినతని ఊరికి పోయాను. రేకుల ఇల్లు, ముందు వాకిట్లో కంది కట్టె మోపులు. ఆమె, ఆమె బావ, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉన్నారు. బావ నన్ను చూసి మంచం వాల్చాడు. కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాను, మాట తడబడింది. చివరికి ఉత్తరమే చదివాను. పేజీ, రోల్, లాగిన్ అన్న మాటలు వచ్చినచోటల్లా ఆగి, వాళ్లకు తెలిసేటట్టు చెప్పాను.  కూతురు కాగితాన్నే చూస్తూ ఉంది.

అయిపోయాక బావ అడిగాడు. "గీ మాట ఆ దినమే చెప్పనీకి ఏం అడ్డమొచ్చింది సారూ?"

"నౌకరి" అన్నాను.

"మా తమ్ముడు గూడ నౌకరికే వచ్చిండు గదా సారూ" అన్నాడు. కోపంగా అనలేదు. అంటూనే మొహం అటు తిప్పుకున్నాడు. ఇన్నాళ్లు తమ్ముడిని తాగుబోతని అన్న మనిషి కదా.

నేను ఆమె తిట్టాలని ఎదురుచూశాను. తిట్లు పడటానికే పోయాను అనుకోండి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి, వాకిలి తడక మొత్తం తెరిచింది. పక్కింటివాళ్లు అప్పటికే గోడ మీదనుంచి చూస్తున్నారు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు మగవాళ్లు ఉన్నారు.

"పిలిచిన్రా లేదా అన్నకాడ ఏం రాసిన్రు సార్? గదొక్కటి మళ్లొకసారి సదువున్రి. జర గట్టిగ సదువున్రి, అందరికి ఇనవడాలె" అంది.

నేను లేచి వాకిట్లోకి వచ్చి నిలబడి, నాకున్నంత గొంతుతో చదివాను. "ఆయన లోపల పని చేస్తూనే ఉన్నాడు. బయటికి రమ్మని ఆయనను ఎవరూ పిలవలేదు."